కంతకు తగిన బొంత

పోయిన నెల సంఘం వారి వనభోజనాలలో రాయగడ నుంచి వచ్చిన ఒక సోదరి మమ్మల్ని పక్కకు పిలిచి, "ఏమండీ, పిల్లి కోసం పెద్దగుమ్మం తలుపుకు కన్నం పెట్టించారటగదా, నిజమేనా?" అని అడిగారు. ఆవిడ అడిగిన తీరు చూస్తే మేమేదో గర్భగుడి తలుపు కోయించినట్లున్నది. నిజానికి అది పెద్దగుమ్మం కాదు, దొడ్డిగుమ్మం. కోయించనూ లేదు. ఆ సంగతి చెప్పేలోపల వడ్డనలు మొదలైనాయి. మరికొందరికి కూడా పనికివస్తుందేమోనని ఈ నెల ఇక్కడ వ్రాస్తున్నాము.

మా ఇల్లు కోరాపుట్ లో. మా మామగారి తండ్రిగారు ఈ కొండలమీదికి వచ్చేనాటికి ఇదంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లా. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మనం అటు చేరాము. దొడ్డిగుమ్మం తలుపు ఆనాటిదే. టేకు చెక్క, పైన రెండు పలకలు, కింద రెండు పలకలు, గడియ తీస్తే ఇంటిల్లిపాదీ లేస్తారు. ఇల్లు రెండు మార్లు మారింది గాని ఆ తలుపు మారలేదు. మా మామగారికి అది తలుపు కాదు, తండ్రిగారి జ్ఞాపకం.

పెంకుటిల్లు ఉన్న రోజులలో పిల్లి దారి గురించి ఎవరూ ఆలోచించలేదు. చూరుకింద సందు ఉండేది, అటకమీద నుంచి వచ్చేది, పోయేది. దాని రాకపోకలు దానివి. స్లాబు వేయించి, కిటికీలకు దోమల జాలీ కొట్టించిన తరువాత పాపం దానికి దారి లేకపోయింది. మా అత్తగారు రాత్రిళ్ళు దొడ్డి తలుపు జానెడు తెరిచి, కదలకుండా ఇటుక అడ్డం పెట్టేవారు. చలికాలంలో కోరాపుట్ గాలి ఆ జానెడు సందులోనుంచి వచ్చి వంటింట్లో నూనె గడ్డకట్టించేది. ఎన్నిసార్లు చెప్పినా, "నోరులేని జీవం, బయట ఎలా పడుకుంటుంది?" అనేవారు.

క్రిందటేడు శ్రావణంలో ఒక రాత్రి పిల్లి బియ్యం డబ్బా ముందు కూర్చుని కదలడం లేదు. తోక ఇంత లావున ఉబ్బింది. ఎలుక అనుకుని లైటు వేసి చూస్తే డబ్బా వెనుక కట్లపాము. అక్కడికి నాలుగడుగుల దూరంలో మా అత్తగారు చాపమీద నిద్రపోతున్నారు. నడుము నొప్పని ఆవిడ మంచం ఎక్కరు. పాములు పట్టే కుర్రవాడు వచ్చి సంచిలో వేసుకుని పోయేసరికి తెల్లవారింది. ఎవరికీ ఏమీ కాలేదు. కాని కట్లపాము రాత్రివేళలోనే తిరుగుతుంది, కాటు వేసినా నొప్పి అంతగా ఉండదు, నేలమీద పడుకున్నవారు నిద్రలోనే ఉండిపోవచ్చు. ఇది తెలిసినవారికి ఆ ఇటుకను చూస్తే ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. మామగారు మర్నాడే ఇటుక తీసి పెరట్లో పారవేశారు. ఆ రాత్రి నుంచి పిల్లి తలుపు బయట ఏడుపు, లోపల అత్తగారి నిట్టూర్పు, బియ్యం బస్తాలలో ఎలుకలు.

మా ఒడియా ఇరుగుపొరుగు పిల్లిని చులకనగా చూడరు. షష్ఠీదేవికి వాహనం గదా. మనవాళ్ళు మాత్రం పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి మంచినీళ్ళు తాగి బయలుదేరుతారు. ఆ ఎదురయ్యే పిల్లి మన ఇంటిదే అయితే ఏం చేయాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

తలుపులో పిల్లికి దారి పెట్టడం కొత్త వింత కాదు. ఇంగ్లండులో ఎక్సెటర్ పట్టణపు పెద్దచర్చిలో గోడ గడియారం కింది తలుపుకు గుండ్రని కన్నం ఈనాటికీ ఉన్నది. బిషప్పుగారి పిల్లి కోసం 1598లో వడ్రంగికి డబ్బిచ్చి తొలిపించారట. గడియారంలో ఎలుకలు చేరకుండా అన్నమాట. అంతకు రెండు వందల ఏండ్ల పూర్వమే ఛాసర్ కవి కథలో ఒక నౌకరు గదిలో ఏం జరుగుతున్నదో తలుపు అడుగున పిల్లి దూరే కంతలోనుంచి తొంగి చూస్తాడు. న్యూటన్ గారు పెద్దపిల్లికి పెద్ద కన్నం, చిన్నపిల్లికి చిన్న కన్నం పెట్టించారన్నది మాత్రం కట్టుకథే కావచ్చు. అంతటివాడికి ఆమాత్రం తెలియదా!

కాని వట్టి కన్నం మనకు పనికిరాదు. పిల్లి దూరే చోట పామూ దూరుతుంది, పునుగుపిల్లీ దూరుతుంది. కాబట్టి రెక్క ఉండాలి, రెక్కకు గడి ఉండాలి. బజారులో దొరికేవి స్థూలంగా మూడు రకాలు. ఒకటి, ప్లాస్టిక్ రెక్క, దానికి నాలుగు తీరుల గడి: రానూపోనూ, వచ్చేందుకే, పోయేందుకే, పూర్తిగా మూత. రెండవది, పిల్లి మెడలో అయస్కాంతం కట్టిన పట్టీ ఉంటేనే తెరుచుకునేది. ఈ పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే లాగగానే ఊడివచ్చే రకం అయి ఉండాలి, లేకపోతే ఉరి అవుతుంది. పైగా అయస్కాంతానికి ఇంట్లోని గుండుసూదులన్నీ అంటుకుంటాయి. మూడవది, పిల్లి భుజాల మధ్య చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు వేయించి, ఆ నంబరు గుర్తుపట్టి తెరుచుకునేది. బ్యాటరీలతో నడిచేది గనుక కరెంటు పోయినా ఇబ్బంది లేదు. వీధి పిల్లులను రానివ్వకుండా ఉండడానికి దీన్ని మించినది లేదు. అయితే ధర మొదటిదానికి అనేక రెట్లు. చిప్పు వేసే డాక్టరు కోసం విశాఖపట్టణం పోవలసివస్తే ఆ ఖర్చు వేరు. ఇనుప తలుపులో బిగిస్తే చిప్పు సరిగా చదవదు కూడా.

మాకు ఒకటే పిల్లి. మొదటి రకమే తెప్పించాము. కొనేముందు రెండు కొలతలు చూసుకోవాలి. పిల్లి భుజాల దగ్గర వెడల్పు, నేల నుంచి పొట్ట దాకా ఎత్తు. కూనను కొలిచి కొనవద్దు. ఏడాది తిరిగేసరికి అది ఎక్కడ ఆగుతుందో ఎవరికి తెలుసు. ఇంకొక సంగతి. సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ లో, అంతకంటె ఎత్తైన పొట్టంగి వైపున ఉన్నవారు రెక్క చుట్టూ కుచ్చు ఉన్నదే తీసుకోవాలి. చలిగాలి ఆగుతుంది. రాయగడలో, గుణుపురంలో ఉన్నవారికి ఆ బెంగ లేదు. వారికి వానజల్లు పడని గుమ్మం చూసుకుంటే చాలు.

వస్తువు వచ్చింది. ఇప్పుడు అసలు యుద్ధం. తలుపు కోస్తామని చెప్పగానే మామగారు భోజనం మధ్యలో లేచిపోయారు. "మా నాన్న తలుపుమీద రంపం పెట్టాలంటే ముందు నన్ను అడగండి" అన్నారు. అడుగుతున్నాముగదా మామయ్యగారూ అంటే, "వద్దని చెబుతున్నాను గదా" అన్నారు. కిటికీ అద్దంలో పెడదామా అనుకున్నాము. గట్టిపరచిన అద్దాన్ని ఆ తరువాత కోయడం కుదరదు, పగిలిపోతుంది, కొత్త అద్దమే కన్నంతో చేయించుకోవాలి. గోడకు పెడదామంటే తొమ్మిదంగుళాల ఇటుక, సొరంగం తొడుగు కావాలి. మూడు వారాలు ఆ పెట్టె అలమరలోనే ఉన్నది. మామగారు, అత్తగారు ఒకరితో ఒకరు పిల్లి ద్వారానే మాట్లాడుకునేవారు. "చూశావే, నీకు ఈ ఇంట్లో దారి లేదట" అని ఆవిడ. "దానికి చెప్పు, పాముకు కూడా లేదని" అని ఆయన.

దారి చూపినవాడు బఢేయి. మా వీధిలోని ముసలి వడ్రంగి. మేమందరం తలుపును చూస్తున్నాము, అతను తలుపు కట్టిన తీరును చూశాడు. "కోయడం ఎందుకు? కింది పలక ఒకటి ఊడదీస్తాను. దాని చోట ప్లైవుడ్ పలక పెడతాను. కన్నం ప్లైవుడ్ కు. పాత పలక దాచుకోండి, మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ ఎక్కిస్తాను" అన్నాడు. మామగారు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "పలక మీద గీత పడితే ఊరుకోను" అన్నారు. అది ఒప్పుకోవడమేనని అత్తగారు మాకు తరువాత చెప్పారు.

పాత తలుపులున్న ఇళ్ళవారందరికీ ఈ ఉపాయం గట్టిగా చెబుతున్నాము. కొయ్యమేకులు తట్టి తీసి, అడుగు పట్టీ సడలించి, పలకను గాడిలోనుంచి జార్చాడు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, నీటికి చెడని రకం. ఐ.ఎస్. 710 అని ముద్ర చూసి తీసుకోవాలి. అంచులు గాడిలో పట్టేటట్లు చిత్రికపట్టాడు. రెక్కతోపాటు వచ్చిన కాగితపు నమూనాను పలకమీద అతికించి గీత గీసి, నాలుగు మూలలా బరమాతో తూట్లు వేసి, సన్నరంపంతో కోసి, అరంతో నునుపు చేశాడు. కోసిన అంచుకు రెండు పూతలు వార్నిషు. ఇది మరిచిపోతే వానాకాలానికి ప్లైవుడ్ పొరలు విడిపోతుంది. ఆ పైన చట్రం రెండువైపులా పెట్టి స్క్రూలు బిగించడమే. స్క్రూలు మరీ బిగిస్తే చట్రం వంగి రెక్క పట్టేస్తుంది. వేలితో తోస్తే స్వేచ్ఛగా ఊగి, దానంతట అది మధ్యకు వచ్చి ఆగాలి.

కింది గడియ సంగతి మాకు తోచలేదు, బఢేయికే తోచింది. కన్నంలో చేయి పెడితే అడుగు గడియ అందుతుంది! దాన్ని తీయించి, తలుపు పైభాగంలో చేయి అందనంత ఎత్తున బిగించాము. దొంగలకు మనం తలుపు తెరిచి పెట్టనక్కరలేదుగదా.

తప్పు మావల్ల కూడా ఒకటి జరిగింది. రెక్క అడుగు అంచు పిల్లి పొట్ట ఎత్తున, అంటే నాలుగు నుంచి ఆరంగుళాల ఎత్తున ఉండాలి. మా తలుపు అడుగు పట్టీ ఏడంగుళాలు. ఫరవాలేదులే అనుకున్నాము. బయట మెట్టు ఇంకొక అయిదంగుళాలు పల్లం అని ఎవరమూ చూడలేదు. పిల్లి లోపలినుంచి ఎలాగో దూకింది. తిరిగి రావడానికి అడుగు ఎత్తుకు గెంతలేక తలుపుకు ముఖం కొట్టుకుని, మమ్మల్నందరినీ ఒక చూపు చూసి గోడ దూకి పోయింది. రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులు అత్తగారు మాతో మాట్లాడలేదు. తరువాత బయట చదునైన రాయి ఒకటి, లోపల పీట ఒకటి వేయించాము. మామగారు పెరట్లో పారవేసిన ఇటుక ఆ రాయి కిందనే ఉన్నది.

అలవాటు చేయడానికి తొందరపడకూడదు. మొదటి నాలుగైదు రోజులు రెక్కను పైకెత్తి టేపు అంటించి, అవతల ఎండుచేప ముక్క పెట్టి పిలవాలి. తరువాత సగం దించాలి. పిల్లిని పట్టుకుని లోపలికి తోయడం పనికిరాదు, భయపడితే ఇక ఆ చుట్టుపక్కలకు రాదు. మాకు పన్నెండు రోజులు పట్టింది. ఎండుచేప వాసన మా వంటింట్లో ఏమిటని అడిగినవారికి అత్తగారే సమాధానం చెప్పుకున్నారు.

అయితే ఒక్కమాట. రెక్క ఉన్నది గదా అని పాము రాదనుకోవద్దు. పిల్లి తోసే రెక్కను పామూ తోయగలదు, చిన్న సందు చాలు దానికి. అందుకని మా ఇంట్లో పద్ధతి ఇది: సాయంత్రం దీపాలవేళ గడిని "వచ్చేందుకే" అన్న తీరులో పెడతాము. పిల్లి రాగానే పూర్తిగా మూసివేస్తాము. రాత్రి అది లోపలే ఉంటుంది. నాగావళి ఇసుక తెప్పించి ఒక తొట్టిలో పోశాము. ఎలుకలను కూడా అది లోపలే చూసుకుంటుంది. ఒకనాడు మా పిల్లి కంటె ముందు పక్కవీధి గండుపిల్లి వచ్చి కూర్చున్నది. వచ్చేందుకే గాని పోయేందుకు లేదుగదా! తెల్లవార్లూ దాని కచేరీ విన్నాము. ఇప్పుడు మూసేముందు ఏ పిల్లి వచ్చిందో చూసి మూస్తున్నాము. అత్తగారి చాప మాత్రం అక్కడ లేదు. ఎత్తు తక్కువ మంచం ఒకటి చేయించి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుతున్నాము. కట్లపాము కాటు అనుమానం ఏమాత్రం కలిగినా మంత్రాలకు, వేళ్ళకు పోకుండా నేరుగా పెద్దాసుపత్రికే పోవాలి. విరుగుడు మందు అక్కడ ఇస్తారు.

బయట తిరిగే పిల్లికి రేబిస్ టీకా మూడు నెలల వయసున వేయించి, ఆ తరువాత డాక్టరు చెప్పిన గడువులకు తప్పక వేయించాలి. పిల్లి గీరినా, కరిచినా సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. మన ఇంటి పిల్లే గదా అనుకోకూడదు.

పాత పలకను మామగారు తమ చేతులతోనే గుడ్డలో చుట్టి అటకమీద పెట్టారు. వెనుకవైపు బొగ్గుతో ఏవో లెక్కలున్నాయి, తండ్రిగారి చేతివ్రాత, ఆనాటి వడ్రంగి కూలి కాబోలు. తలుపులో ఉన్నన్నాళ్ళూ అది పలక గాడి అంచులో దాగి ఎవరికీ కనబడలేదు. ఆయన దానిని రెండు మూడు సార్లు దింపి చూసుకున్నారు. పిల్లి లోపలికి రెక్కలోనుంచే వస్తున్నది. బయటికి పోవలసివచ్చినప్పుడు మాత్రం పగలైతే ఆ తలుపు దగ్గరే నిలబడి అరుస్తుంది. మామగారు లేచి వెళ్ళి తలుపు తీస్తారు.