ఏది ముందు, ఏది వెనుక?

మిల్లు వ్యవహారం మన కోయంబత్తూరు కుటుంబాలకు కొత్త కాదు. పత్తి బేలు మొదట బ్లోరూములో విప్పబడి, తరువాత కార్డింగుకు, డ్రాయింగుకు పోయి, కడపటనే రింగు ఫ్రేముకు చేరుతుంది. వెనుకటి శాఖలో పని సాగనిదే ముందరివారు ఎంత నేర్పరులైనా చేయగలిగింది లేదు. నేడు పీలమేడు టైడల్ పార్కులోను, మధుర ఇలందైకుళంలోను మన పిల్లలు చేసే కంప్యూటరు పనికి కూడ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఆ సంగతి ఈ నెల విన్నవిస్తున్నాము.

జావా భాషలో వ్రాసిన వెబ్ ప్రోగ్రాములో పలు భాగాలుంటాయి. టామ్‌క్యాట్ వంటి సర్వరు వాటినన్నిటిని ఒక్కసారిగా లేపదు. మొదట లేచేవి లిజనర్లు. ఇల్లు తెరచి పొయ్యి రాజేసే పని వీటిది. డేటాబేసుతో సంబంధం ఏర్పరచడం సాధారణంగా ఇక్కడే. తరువాత ఫిల్టర్లు, ఇవి వాకిట నిలిచి, వచ్చినవారెవరో విచారించి లోపలికి పంపుతాయి. ఆపైన సర్వ్‌లెట్లు, అడిగినదానికి బదులు చెప్పేవి ఇవే. వీటికి ‘లోడ్ ఆన్ స్టార్టప్’ అనే అంకె ఇవ్వవచ్చు. 1 అంకె గలది 2 కన్న ముందు లేస్తుంది. అంకె లేనిది సాధారణంగా మొదటి పిలుపు వచ్చేవరకు నిద్రలోనే ఉంటుంది. రెండింటికి ఒకే అంకె ఇస్తే వాటి వరుస సర్వరు ఇష్టం. మూసేటప్పుడు అంతా తలక్రిందులు: పొయ్యి రాజేసిన మొదటి లిజనరే అన్నిటికన్న కడపట సెలవు తీసుకుంటుంది.

చిక్కు మరొకచోట ఉన్నది. 2009 లో వచ్చిన సర్వ్‌లెట్ 3.0 నియమావళి, ‘వెబ్.ఎక్స్ఎంఎల్’ అనే పట్టీలో చేర్చకుండానే, లిజనరును ప్రోగ్రాములోనే గుర్తు పెట్టి చూపే సౌకర్యం కల్పించింది. సుఖమే, కాని అట్లా గుర్తు పెట్టినవాటిలో ఏది ముందో ఆ నియమావళి చెప్పదు. ఒకటి మరొకదానిపై ఆధారపడితే, వ్రాసినవారి యంత్రంలో సవ్యంగా నడిచి, ఊరందరు వాడే యంత్రంలో మొరాయించవచ్చు. అప్పుడు ఇబ్బంది పడేది బస్సు టిక్కెట్టుకో, ఆసుపత్రి చీటికో వేచి ఉన్న మనిషి. అర్ధరాత్రి లేచి కూర్చునేది మన ఇంటి బిడ్డ.

కనుక మన యువతీయువకులకు మా మనవి: వరుస ముఖ్యమైనచోట లిజనర్లను పట్టీలోనే వ్రాయండి, అందులో ఉన్న వరుసను సర్వరు పాటిస్తుంది. లేదా, ఒకదానినొకటి ఆశ్రయించిన పనులను ఒకే లిజనరులో పెట్టండి. ‘నిన్న నడిచింది గదా’ అనే ధీమా చాలదు. పెద్దలకు ఒక మాట: పిల్లలు రాత్రివేళ ‘సర్వరు లేవలేదు’ అంటే విసుగుకొనక, ‘ఏది ముందు లేవాలి నాయనా?’ అని అడగండి. బదులు వెదకడంలోనే సగం దారి దొరకవచ్చు.