చేతులకూ చదువు కావాలి

పిల్లలకు సాంకేతిక విద్య అనగానే మనలో చాలామందికి కంప్యూటరు, ట్యాబు, కోడింగ్ తరగతి గుర్తుకు వస్తాయి. వాటికి ఫీజు చెల్లిస్తే మన బాధ్యత తీరినట్లే భావిస్తాము. అయితే ఆ విద్యకు పునాది అంతకన్నా సరళమైనది. ఒక అవసరాన్ని గుర్తించడం, దానికి తగిన వస్తువును ఊహించి గీయడం, చేతులతో తయారుచేయడం, పరీక్షించడం, లోపం కనబడితే సరిదిద్దడం. ఈ అలవాటు ప్రాథమిక తరగతులలోనే ఏర్పడాలి.

ఇంగ్లాండులో 1990 నుండి అయిదేళ్ళ పిల్లలకు కూడా రూపకల్పన, సాంకేతికత ఒక పాఠ్యాంశంగా ఉంది. మన దేశానికీ ఈ ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన విద్యకు ప్రణాళిక రూపొందించిన సంఘానికి డాక్టర్ జాకిర్ హుస్సేన్ అధ్యక్షులు. హైదరాబాదులో జన్మించి, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన విద్యావేత్త ఆయన. ఏడేళ్ళ వయసు నుండే చేతిపని ద్వారా గణితాన్ని, ప్రకృతి విజ్ఞానాన్ని, భాషను నేర్పాలని ఆ సంఘం సూచించింది. పిల్లలను యాంత్రికంగా పనిచేసే వృత్తిదారులుగా మార్చడం తమ ధ్యేయం కాదనీ, పనిలో దాగివున్న విద్యను వెలికితీయడమే ఉద్దేశమనీ స్పష్టంచేసింది.

నేటి పథకాలు ఈ పనిని పెద్ద తరగతులకు వాయిదా వేశాయి. 2016లో ప్రారంభమైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు ఆరవ తరగతి నుండి పైవారికి ఉద్దేశించినవి. 2020 జాతీయ విద్యావిధానం సూచించిన పుస్తకాల సంచి లేని పది రోజులు కూడా ఆరు నుండి ఎనిమిదవ తరగతి పిల్లలకే. అప్పటికి మన పిల్లలు ప్రశ్నకు జవాబు వెతకడం మాని, గైడు వెతకడం నేర్చుకుని ఉంటారు.

ప్రాథమిక తరగతికి ప్రయోగశాల అవసరం లేదు. కోనసీమలోని ముక్తేశ్వరాన్నే తీసుకుందాం. గౌతమి పాయకు ఈ ఒడ్డున ముక్తేశ్వరం, ఆ ఒడ్డున కోటిపల్లి. మనుషులతోపాటు మోటారు సైకిళ్ళను కూడా ఎక్కించుకుని పంటు గోదావరి దాటడం అక్కడి పిల్లలకు తెలిసిన దృశ్యం. మూడవ తరగతి ఉపాధ్యాయుడు వారికి ఇలా పని అప్పగించవచ్చు: “ఇరవై చింతపిక్కలను మోస్తూ నీటి తొట్టె దాటే పంటు తయారుచేయండి.” అరటి బోదె ముక్కలు, కొబ్బరి ఈనెలు, పీచు తాడు ఉంటే చాలు. ముందు ప్రతి జట్టూ పలక మీద బొమ్మ గీయాలి. ఎన్ని ముక్కలు, ఎంత పొడవు అన్నది రాయాలి. ఆ తరువాతే చేతులకు పని.

మొదటి పంటు బహుశా ఒరిగిపోతుంది. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. బరువంతా ఒక వైపే పెట్టామా? అడుగు ఇరుకైనదా? కట్టు వదులైనదా? ఉపాధ్యాయుడు జవాబు చెప్పకుండా ఓపిక పట్టాలి. పిక్కలను మధ్యకు జరిపి, అడుగును వెడల్పు చేసి, రెండవసారి నీటిలో వదిలిన పిల్లవాడు సమతూకం అంటే ఏమిటో ఇక మరచిపోడు. కొలత తప్పితే వస్తువే చెబుతుంది. తిట్టవలసిన పని ఉండదు.

ఇంటి వద్ద మన వంతు కూడా ఉంది. బడిలో ఇచ్చిన ప్రాజెక్టును రాత్రికి రాత్రి మనమే చేసిపెట్టడం, దుకాణంలో సిద్ధంగా దొరికేది కొనితేవడం మానుకోవాలి. వేసవిలో తిన్న ముంజకాయలతో బండి చేసుకునే పిల్లలను ‘చెత్త’ అని కసరరాదు. రెండు చక్రాలు, ఒక ఇరుసు, తోయడానికి ఒక పంగల కర్ర, అదొక యంత్రమే. కత్తెర, సుత్తి వంటివి పెద్దల పర్యవేక్షణలో మాత్రమే ఇవ్వాలి. కాని ఆడపిల్లకు సూది, మగపిల్లవాడికి సుత్తి అని పంచకూడదు. ఇద్దరికీ రెండూ రావాలి.

మన కుటుంబాలలో దర్జీలు, మెకానిక్కులు, వడ్రంగులు, దూదేకులవారు ఎందరో ఉన్నారు. గల్ఫు దేశాలకు వెళ్ళి చేతిపనితోనే ఇల్లు నిలబెట్టినవారు ఉన్నారు. అయినా ‘చదవకపోతే నీకూ ఇదే గతి’ అని ఆ పనినే చూపి పిల్లలను భయపెడుతున్నాము. బిడ్డ దృష్టిలో తండ్రి విద్యను మనమే చిన్నబుచ్చుతున్నాము. గుడ్డ వృథా కాకుండా కత్తిరించే దర్జీకి, ఇంజను శబ్దం విని లోపం పసిగట్టే మెకానిక్కుకు బడిలో ఒక గంట అతిథి ఉపాధ్యాయుడిగా స్థానం కల్పించమని తల్లిదండ్రుల సమావేశంలో మనం అడగవచ్చు. తన తండ్రి ఆ బల్ల వద్ద నిలిచి తరగతికి పాఠం చెబుతుండగా చూసిన బిడ్డ, అక్షరాన్నీ పనినీ సమానంగా గౌరవించడం నేర్చుకుంటాడు.