గోలి మన గడ్డది.. ధర ఎవలది?

షుగర్ రోగానికి కులం లేదు, మతం లేదు, జిల్లా లేదని డాక్టర్లు చెప్తుంటారు. రోగానికి లేకపోవచ్చు. మందుకు మాత్రం అన్నీ ఉన్నయి. జేబును చూసి, ఊరిని చూసి, కొలువును చూసి మరీ అందుతున్నది మందు. బంజారాహిల్స్‌లో ఒక మందు, ఆసిఫాబాద్‌లో ఇంకో మందు. రోగం ఒక్కటే, రాష్ట్రం ఒక్కటే. ఇదెక్కడి న్యాయం?

ఐసీఎంఆర్ దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వచ్చినయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉన్నదని తేలింది. పట్నాల్లో నూటికి 16 మంది, పల్లెల్లో నూటికి దాదాపు 9 మంది. ఇది ఉన్నోళ్ల రోగమన్న మాట ఇక చెల్లదు. బీడీలు చుట్టే చేతులకు, మగ్గం నేసే చేతులకు, ఆటో నడిపే చేతులకు కూడా పాకిన రోగమిది.

పదేండ్ల ఆలస్యం ఎవరి పాపం?

ఎంపాగ్లిఫ్లోజిన్ అనే గోలి సంగతే తీసుకోండి. గుండె జబ్బు కూడా ఉన్న షుగర్ రోగుల్లో గుండె సంబంధ మరణాలను ఇది 38 శాతం తగ్గించిందని 2015లోనే పరిశోధన తేల్చింది. ఈ జాతి గోలీలు కిడ్నీలు చెడిపోవడాన్ని కూడా నెమ్మది చేస్తాయని 2019, 2020లో వచ్చిన పెద్ద పరిశోధనలు రుజువు చేసినయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మరి మనోళ్లకు ఎప్పుడు అందింది? గోలి ధర 60 రూపాయల చుట్టూ ఉండె. అంటే నెలకు 1,800. 2025 మార్చిలో పేటెంట్ గడువు ముగిసింది. అంతే! కొన్ని కంపెనీల దగ్గర అదే గోలి 10 రూపాయల లోపుకు దిగింది. గోలిలో ఉన్న మందు మారలేదు. మారింది ఒక్క కాగితం. పని చేస్తదని 2015లో తెలిసిన మందు పేదోడి చేతికి దగ్గరైంది 2025లో. ఈ పదేండ్లల్ల ఆగిన గుండెలకు, పోయిన కిడ్నీలకు లెక్క చెప్పేదెవరు?

ఇప్పుడు కొత్త ఇంజెక్షన్ల వంతు. 2025 మార్చిలో మౌంజారో మన మార్కెట్లకు వచ్చింది. అప్పుడు మొదలుపెట్టే డోసు 3,500 రూపాయలు, వారానికొకటి. నెలకు 14,000. 2025-26లో మన దగ్గర ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ ధరకు నెల మందుకు 46 రోజుల కూలి కావాల్సి ఉండె. నెలకు ఉన్నయే 30 రోజులు!

పరిశోధనకు ఖర్చయిందని కంపెనీలు అంటయి. సరే, ఆ లెక్కలు బయటపెట్టండి. సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను తయారీ ఖర్చుకు కొంత లాభం కలుపుకొని కూడా నెలకు 5 డాలర్ల లోపే ఇవ్వొచ్చని 2024లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. పరిశోధన ఖర్చు అందులో లేదు, నిజమే. కానీ అప్పట్లో అమెరికాలో దాని నెల ధర 900 డాలర్లకు పైనే. ఈ తేడా అంతా పరిశోధనేనా?

చట్టం ఉన్నది, దమ్మే లేదు

2005 జనవరి 1 నుంచి మన దేశంలో మందు మీదనే పేటెంట్ అమల్లోకి వచ్చింది. అయినా చట్టంలో ఒక తలుపు తెరిచే ఉన్నది. అందుబాటు ధరకు దొరకని మందును వేరే కంపెనీ తయారు చేయడానికి తప్పనిసరి లైసెన్సు ఇవ్వొచ్చు. 2012లో హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు క్యాన్సర్ మందు మీద ఆ లైసెన్సు ఇచ్చిండ్రు. నెలకు 2,80,000 రూపాయల మందు 8,800కు దిగింది. దేశం మునిగిపోయిందా?

షుగర్ మందు వంతు వచ్చేసరికి ఆ తలుపు మూసేసిండ్రు. సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాద్‌కే చెందిన లీ ఫార్మా 2015లో దరఖాస్తు పెట్టుకుంటే 2016 జనవరిలో కొట్టేసిండ్రు. ఎంతమందికి ఆ మందు అవసరమో రుజువు చేయలేదట. అదే జాతి మందులు మార్కెట్లో ఇంకా ఉన్నయట. మందు కొనలేక దవాఖానకే రానోడి లెక్క ఎక్కడి నుంచి తేవాలె?

ఇంకో ముచ్చట. దేశానికి మందులు చేసిపెట్టే గడ్డ మనది. ఆ ఫ్యాక్టరీల విషం తాగిన గడ్డ కూడా మనదే. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లల్ల యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రపంచానికి చెప్పిండ్రు. మురుగు మనకు వాటా పంచిండ్రు. మందులో వాటా ఏది?

కిడ్నీ పోయినంక కాదు, పోకముందు

పీహెచ్‌సీలో షుగర్ రోగికి ప్రధానంగా దొరికేది మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. మెట్‌ఫార్మిన్ మంచి మందే. అందరికీ కొత్త గోలే కావాలని ఎవరూ అనడం లేదు. కానీ గుండె, కిడ్నీ దెబ్బతిన్నోళ్లకు అది ఒక్కటే సరిపోదు. కిడ్నీ పోయినంక ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ చేయిస్తరు. చేయించాల్సిందే. పోకముందు కాపాడే గోలి మాత్రం సొంత పైసలతో కొనుక్కోవాల్నా?

జన ఔషధి దుకాణాల్లో 2022లో సిటాగ్లిప్టిన్ పది గోలీలు 60 రూపాయలకు పెట్టిండ్రు. సంతోషం. కానీ గూడెం నుంచి ఆ దుకాణం దాకా పోయి రావాలంటే ఒక రోజు కూలి పాయె. ఏ మందు వాడాలో చెప్పే షుగర్ డాక్టర్ కావాలంటే సుమారు 300 కిలోమీటర్ల అవతల హైదరాబాద్ రావాలె.

ఉద్యోగ మిత్రులారా, మనకు వెల్‌నెస్ సెంటర్లు ఉన్నయి. మన ఆఫీసుల్లనే ఊడ్చే ఔట్‌సోర్సింగ్ అక్కకు ఏమున్నది? విద్యార్థి తమ్ముళ్లారా, హాస్టల్‌కు పైసలు పంపే మీ నాయిన తన మందు మానుకొని పంపుతున్నడేమో ఎప్పుడన్నా అడిగినరా? 2014లో రాష్ట్రం తెచ్చుకున్నది బోర్డులు మార్చుకోవడానికి కాదు.

అందుకే అడుగుదాం. పేటెంట్ తీరిన డాపాగ్లిఫ్లోజిన్, సిటాగ్లిప్టిన్, ఎంపాగ్లిఫ్లోజిన్‌లను రాష్ట్ర సర్కారు టోకున కొని ప్రతి పీహెచ్‌సీలో పెట్టాలె. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి కిడ్నీ పరీక్ష ఊరి దగ్గరనే చేయాలె. పేటెంట్ గుప్పిట్ల ఉన్న ఇంజెక్షన్ల కోసం కేంద్రం తప్పనిసరి లైసెన్సు తలుపు మళ్లా తెరవాలె. సెమాగ్లుటైడ్‌కు మన దేశంలో పేటెంట్ గడువు 2026 మార్చి. దాని విషయంలో ఎంపాగ్లిఫ్లోజిన్ కథ మళ్లా జరగనియ్యొద్దు. ధర దిగితే సరిపోదు, గోలి ఊరికి చేరాలె.

ఇది బిచ్చం కాదు, వాటా. వాటా అడగడం మనకు కొత్తేం కాదు.