ఆలస్యానికి కారణం

గాజులరామారంలో పగటిపూట ఏ గల్లీలోకి వెళ్లినా చాలా గదులకు తాళాలే కనిపిస్తాయి. కొందరు జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో షిఫ్టులో ఉంటారు. ఇంకొందరు రాత్రి డ్యూటీ దిగి, లోపల గడియ పెట్టుకుని నిద్రపోతుంటారు. అలాంటి ఇంటికి కోర్టు సమన్లు పట్టుకుని మనిషి వస్తే పక్కింటావిడే సమాధానం చెప్పాలి. ‘డ్యూటీకి పోయిండు, పొద్దుగూకినంక రాండ్రి’ అంటుంది. వచ్చినాయన ఎన్నిసార్లని తిరుగుతాడు? చివరికి ఆ కాగితాన్ని తలుపుకే అంటించి పోతాడు. పద్ధతి ప్రకారం అంటిస్తే అది చేతికి అందినట్టే లెక్క. నాకొద్దని తిప్పి పంపినా అందినట్టే.

ఇక రోజులు లెక్కలోకి వస్తాయి. దావాకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా సాగుతుంది. మామూలు సివిల్ దావాల్లో ఆ తర్వాత కూడా, గట్టి కారణం ఉంటే, న్యాయమూర్తి దయ తలచవచ్చు. వ్యాపార వివాదాల్లో అయితే 120 రోజులు దాటాక ఆ దయకు చోటు లేదు. వాయిదాకు అసలు రానే రాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు. ఎదుటివాళ్లు చెప్పిందే విని డిక్రీ ఇచ్చేయవచ్చు. దాన్ని కొట్టేయమని అడగడానికి మళ్లీ 30 రోజులే.

ఇదంతా చదువుతుంటే గడువు దాటేది సోమరులే అనిపిస్తుంది. నాకైతే అలా అనిపించదు. కోర్టు ముద్ర ఉన్న కవరు ఇంటికి వస్తే మనలో చాలామంది దాన్ని చదవరు, దాస్తారు. బీరువాలో పట్టుచీరల కిందికో, దేవుడి గూట్లో పంచాంగం వెనక్కో పోతుంది. ముసలాయనకు చెబితే బీపీ పెరుగుతుందని ఒకరు, పిల్ల పెళ్లి అయ్యాక చూద్దామని ఇంకొకరు. జీతం పడగానే వకీల్ సాబ్ దగ్గరికి పోదామనుకుంటారు. జీతం పడుతుంది, స్కూలు ఫీజు కూడా ఆ రోజే గుర్తొస్తుంది.

తర్వాత ఎప్పుడో, ఆలస్యాన్ని మన్నించమని డిలే పిటిషన్ వేయాల్సి వస్తుంది. అందులో ఇవేవీ ఉండవు. భయమేసింది, అందుకే కవరు విప్పలేదు అని ఎవరు రాస్తారు? పచ్చకామెర్లు వచ్చాయని, నాటుమందు వాడానని రాస్తారు. పాపం, ఆ పచ్చకామెర్లు మన కోర్టుల్లో పాతకాపు. నిజంగా వచ్చినవాడి మాట కూడా నమ్మడం కష్టమయ్యేంతగా అరిగిపోయాయి.

కోర్టులూ ఈ సంగతి ఎరగనివేం కావు. ఆలస్యమైన ప్రతి రోజుకూ లెక్క చెప్పాలన్న మాటను మరీ పట్టుకుని లాగితే ప్రతి గంటకూ, ప్రతి క్షణానికీ ఎందుకు అడగకూడదని 1987లో సుప్రీంకోర్టు కాస్త చమత్కారంగానే అంది. అక్కడ ఆలస్యం నాలుగు రోజులు. 1998లో మరో కేసులో 883 రోజుల ఆలస్యాన్ని మన్నించింది. ఎన్నాళ్లు అన్నదానికంటే ఎందుకు అన్నది ముఖ్యమని చెప్పింది.

అయితే 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఒక తీర్పు మాత్రం నా మనసులోంచి పోవడం లేదు. తెలుగుగంగ కోసం తీసుకున్న భూముల సంగతి అది. పరిహారం పెంచమన్న రైతుల అర్జీని కింది కోర్టు 1999లో కొట్టేసింది. కేసు నడుస్తుండగానే కొందరు అర్జీదారులు పోయారు. వాళ్లలో ఒకరి వారసురాలు హైకోర్టుకు వెళ్లేసరికి అప్పీలు గడువు దాటి 5,659 రోజులు, అంటే పదిహేనున్నర ఏళ్లు, అయింది. పెళ్లయి అత్తవారింట ఉన్నానని, సంగతి 2015లో పుట్టినూరికి వెళ్లినప్పుడే తెలిసిందని చెప్పుకున్నారు. హైకోర్టు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టూ ఒప్పుకోలేదు. వ్యాజ్యానికి ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలి కదా అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. కాదనలేం.

కానీ ఆ కారణం మన ఇళ్లలో ఎంత మామూలుదో! పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకు పుట్టింటి పొలం కాగితాలు ఎవరు చూపిస్తారు? పండక్కి వస్తే చీర పెడతాం, సంచి నిండా పిండివంటలు కడతాం. ఆ పొలం కేసు ఏమైందని ఆమె అడిగితే మాత్రం వదినగారి ముఖం మారిపోతుంది. అడగకుండా ఉండటమే మర్యాద అనుకుని చాలామంది ఊరుకుంటారు. అలా ఊరుకున్న ఏళ్లకు అఫిడవిట్‌లో గడి ఉండదు.

గడియారాన్ని కోర్టులే పక్కన పెట్టిన రోజులూ ఒకసారి వచ్చాయి. కరోనా వేళ, 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు, గడువుల లెక్కలోంచి ఆ కాలాన్ని సుప్రీంకోర్టు తీసేసింది. ఎవరూ పచ్చకామెర్లు రాయనక్కర్లేకపోయింది. అందరి కారణమూ అందరికీ తెలుసు.

ఆలస్యం చేసినవాళ్ల గురించే ఇంతసేపూ చెప్పాను. అవతల ఇంకొకరుంటారు. ప్రతి వాయిదాకూ సెలవు పెట్టి, షాపూర్‌నగర్‌లో బస్సెక్కి, కోర్టు వరండాలో తన కేసు పిలుపు కోసం నిలబడినవారు. డిక్రీ చేతికొచ్చి హమ్మయ్య అనుకున్నాక ఎదుటివారి డిలే పిటిషన్ వస్తుంది. ఖర్చుల కింద కొంత కట్టమని, మన్నించి, కేసు మళ్లీ మొదటికి తెస్తారు. ఆ డబ్బు అందుకుంటూ ఆయన పోయిన సెలవులు, బస్సు చార్జీలు మనసులో కూడుకుంటాడు. ఎటూ సరిపోదు. వచ్చే వాయిదా ఎప్పుడని గుమస్తాను అడుగుతాడు.