సైటేషన్ల లెక్క సరే, పిల్లల లెక్క ఎవరు చూస్తారు?

రీసెర్చ్ అనగానే మన క్యాంపస్‌లో మొదట వినిపించే ప్రశ్న, "పేపర్‌కి ఎన్ని సైటేషన్లు వచ్చాయి?" అని. పేపర్‌కే కాదు, మనిషికి కూడా ఒక నంబర్ ఉంది, హెచ్-ఇండెక్స్. 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ దీన్ని ప్రతిపాదించాడు. ఒక్కోదానికి కనీసం 10 సైటేషన్లున్న పేపర్లు 10 ఉంటే హెచ్-ఇండెక్స్ 10 అన్నమాట. లీట్‌కోడ్ చేసేవాళ్ళకి ఇది తెలిసిన ప్రాబ్లమే. సార్ట్ చేసి ఒక లూప్ తిప్పితే ఆన్సర్ వచ్చేస్తుంది.

అలా వచ్చేది నిజంగా ఆ పరిశోధన ప్రభావమేనా అన్నది నా అనుమానం. ముఖ్యంగా బాలల రక్షణ, సోషల్ వర్క్ లాంటి రంగాల్లో. అక్కడ పరిశోధన సరైన చోటికి చేరితే ఒక పసివాడి ప్రాణం నిలబడుతుంది. తప్పుగా వాడితే ఏ తప్పూ చేయని తల్లి దగ్గర్నుంచి బిడ్డను తీసుకెళ్ళిపోతారు. ఈ రెండూ సైటేషన్ కౌంట్‌లో కనిపించవు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1946లో అమెరికాలో జాన్ క్యాఫీ అనే ఎక్స్-రే నిపుణుడు ఆరుగురు పసిపిల్లల గురించి రాశాడు. తలలో రక్తస్రావం, దాంతోపాటు విరిగిన ఎముకలు. కారణం మాత్రం తేల్చి చెప్పలేదు. 1962లో హెన్రీ కెంప్, ఆయన సహచరులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఇదే విషయం మీద పేపర్ వేశారు. 71 ఆసుపత్రులను అడిగితే ఒక్క ఏడాదిలో 302 కేసులు బయటపడ్డాయి. అందులో 33 మంది పిల్లలు చనిపోయారు, 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. కెంప్ బృందం దీనికి "బ్యాటర్డ్ చైల్డ్ సిండ్రోమ్" అని పేరు పెట్టింది. ఆ పేరు డాక్టర్లను దాటి పేపర్లలోకి, చట్టసభల్లోకి వెళ్ళింది. అనుమానం వస్తే డాక్టర్లు రిపోర్ట్ చేయాల్సిందేనని 1967 నాటికి దాదాపు అన్ని అమెరికన్ రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. ఆ పేపర్‌కి సైటేషన్లు కూడా బోలెడున్నాయి. కానీ దాని అసలు ప్రభావం ఆ ఐదేళ్ళలో వచ్చిన చట్టాలే కదా!

మన దగ్గరికి వస్తే, 1098 నంబర్ అందరికీ తెలుసు. 1996లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో జెరూ బిల్లిమోరియా మొదలుపెట్టిన పని అది. ఒక సోషల్ వర్క్ సంస్థ నుంచి దేశానికి ఒక ఫోన్ నంబర్ వచ్చింది. ఇంకా దగ్గరగా చూస్తే శాంతా సిన్హా గారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఎం.వి. ఫౌండేషన్‌తో రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో పనిచేస్తూ ఆమె నిలబెట్టిన వాదన ఒక్క ముక్కలో చెప్పొచ్చు: బడిలో లేని ప్రతి పిల్లా పిల్లాడూ బాల కార్మికులే. ఆ మాటతో బాల కార్మికులంటే ఎవరన్న నిర్వచనమే మారింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ మొదటి చైర్‌పర్సన్ కూడా ఆమే. హెచ్-ఇండెక్స్‌లో ఇవన్నీ ఏ కాలమ్‌లో రాయాలి?

అదే 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పిల్లలపై వేధింపుల గురించి ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. 13 రాష్ట్రాలు, 12,447 మంది పిల్లలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది, వేధింపులు ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఒకటిగా. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. 2012లో పోక్సో చట్టం రావడానికి వెనక ఉన్న బలాల్లో ఈ నివేదిక ఒకటి.

కానీ ఈ 53 శాతాన్ని "భారతదేశంలో సగం మంది పిల్లలు" అని ఎన్ని వ్యాసాల్లో రాశారో చూడండి. ఆ సర్వేలో ఇళ్ళలో, బళ్ళలో ఉన్న పిల్లలతో పాటు పనిచేసే పిల్లలు, వీధి పిల్లలు, హోముల్లో ఉండేవాళ్ళు విడివిడి గుంపులుగా ఉన్నారు. అది దేశం మొత్తం పిల్లల సగటు కాదు. సమస్య చిన్నదని నేను అనట్లేదు. ఒకరు రాసింది ఇంకొకరు కాపీ కొడుతూ పోతే సైటేషన్లు పెరుగుతాయి, అవగాహన పెరగదు అంటున్నాను.

ఇక మన బ్రాంచ్ సంగతి. అమెరికాలోని అలెగెనీ కౌంటీలో 2016 నుంచి ఒక అల్గారిథమ్ వాడుతున్నారు. పిల్లల గురించి ఫిర్యాదు ఫోన్ రాగానే ఆ కుటుంబానికి 1 నుంచి 20 వరకు రిస్క్ స్కోర్ ఇస్తుంది. తయారుచేసింది పేరున్న పరిశోధకులే. అయినా వర్జీనియా యూబాంక్స్ తన 2018 పుస్తకంలో ఒక గట్టి ప్రశ్న వేసింది. డేటా ఎక్కువగా ప్రభుత్వ సేవల నుంచి వస్తుంది. ఆ సేవలు వాడేది పేదవాళ్ళు. డబ్బున్నవాళ్ళు ప్రైవేట్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ డేటాబేస్‌లో జాడే ఉండదు. పైగా మోడల్ అంచనా వేసేది వేధింపును కాదు, బిడ్డను ఇంటి నుంచి తీసేస్తారా లేదా అన్నదాన్ని. ఇలాంటి టూల్‌నే వాడిన ఆరెగాన్ రాష్ట్రం 2022లో దాన్ని పక్కన పెట్టేసింది.

"మరి సైటేషన్లు లేకపోతే మంచి పరిశోధన ఏదో ఎలా తెలుస్తుంది?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కెంప్ పేపర్ పెద్ద జర్నల్‌లో వచ్చింది కాబట్టే డాక్టర్లు చదివారు. సైటేషన్లు ఎత్తేయమని నేను అనను. పరిశోధన ఎంతమంది కంటపడిందో అవి చెప్తాయి. దాన్ని చదివినవాళ్ళు ఆ తర్వాత ఏం చేశారో చెప్పవు.

అందుకే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో "సోషల్ ఇంపాక్ట్" స్లైడ్ పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగాలని నా సూచన. ఈ లేబుల్ ఎవరు వేశారు? మోడల్ తప్పు చెప్తే నష్టపోయేది ఎవరు? వీటికి జవాబు కోసం సోషల్ వర్క్ చదివినవాళ్ళని ఒక్కరినైనా రివ్యూకి పిలవాలి. యాక్యురసీ 94 శాతం అని చప్పట్లు కొట్టే మనం, మిగతా 6 శాతంలో ఉన్న పిల్లల గురించి కూడా అడగడం నేర్చుకోవాలి.