పడవలు ఎవరివో సరే, ముక్కల మాటేమిటి?

2024 సెప్టెంబరులో వరద తగ్గాక సీతానగరం టీకొట్టు దగ్గర ఎవర్ని కదిపినా ఒకటే మాట: "పడవలు ఎవరివట?" ఆ పార్టీ వాళ్లవని ఒకరు, కాదు ఈ పార్టీ వాళ్లవని ఇంకొకరు. ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చుని రిటైరైనవాణ్ని, నన్ను వేరే ప్రశ్న పట్టుకుంది. ఇసుక పడవలు ప్రకాశం బ్యారేజీకి తగిలితే కౌంటర్ వెయిట్లే ఎందుకు విరిగాయి?

మా మనవడికి బావి గిలక లెక్కన చెప్పాను. తాడుకు ఒక కొసన గేటు, రెండో కొసన కాంక్రీటు బరువు. గేటు లేచేకొద్దీ బరువు దిగుతుంది. మోటారుకు శ్రమ తగ్గించే పాత ఉపాయం. సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. బ్యారేజీ పుట్టాక అంత వరద లేదు. డెబ్బై గేట్లూ ఎత్తేశారు, అంటే బరువులన్నీ కిందికి దిగి వేలాడుతున్నాయి. నీళ్లు బాగా పైకి, బరువులు బాగా కిందికి. సరిగ్గా ఆ పూటే కట్లు తెంచుకున్న పడవలు వచ్చి పడ్డాయి.

"అయితే కుట్రేనా తాతయ్యా?"

"ముందు గిలక సంగతి తేలనీరా."

నీళ్లు పారుతుండగానే 67, 69 గేట్లకు గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు కొత్త బరువులు పెట్టించారు. దండం పెట్టాల్సిన పనే. కానీ విరిగిన కాంక్రీటులో 1957 నాటి ఊచలు ఎలా ఉన్నాయి? పాత బీటలున్నాయా, ఒక్క దెబ్బకే పోయాయా? ఆ జవాబు ముక్కల్లోనే ఉంటుంది. టీకొట్టు దగ్గర ఆ మాట ఒక్కరూ ఎత్తలేదు.

2007లో అమెరికాలోని మినియాపొలిస్‌లో మిసిసిపి మీది వంతెన కూలి 13 మంది పోయారు. అక్కడ ముక్కల్ని తుక్కుకు తోలలేదు. నది ఒడ్డునే వరసగా పరిచి, ఏది ముందు తెగిందో వెతికారు. దూలాల్ని కలిపే రేకు అంగుళం మందం ఉండాల్సిన చోట అరంగుళమే ఉందని తేలింది. తప్పు నలభై ఏళ్ల కిందటి డిజైన్‌లోనే ఉంది. ఆ రిపోర్టు గురించి చదివిన రాత్రి నేను గీసిన కల్వర్టులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నిద్ర పట్టలేదు.

ఇంత దూరం దేనికి, రేపల్లెలో ఎక్కిన మనవాళ్ల సంగతే చూడండి. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ రైలు పడిపోయింది. వంద మందికి పైగా పోయారు. కొట్టుకుపోయింది చిన్న వంతెన. దాన్ని తోసింది పైనెక్కడో కట్ట తెగిన చెరువు. ఖానాలు లెక్కగట్టేవాడు వానను లెక్కేస్తాడు, తెగబోయే చెరువును ఎవడు లెక్కేస్తాడు? వంతెన దగ్గరే నిలబడి వెతికితే ఇలాంటి కారణం దొరకదు.

మరి ఇలా వెతికేదెవరు? రైలు ప్రమాదమైతే విచారణకు సేఫ్టీ కమిషనర్ ఉన్నారు. ఆయన రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. ఆ దూరం కావాలనే పెట్టారు. డ్యాములకు 2021 చట్టంతో ఒక అథారిటీ వచ్చింది. 2023లో మేడిగడ్డ బ్యారేజీ కుంగితే వాళ్లే వెళ్లి, అడుగున ఇసుక జారిపోయిన సంగతి రాశారు. రోడ్డు వంతెనకు అలాంటి దిక్కు లేదు. మామూలుగా కట్టించిన శాఖే కమిటీ వేస్తుంది. కాంట్రాక్టరును బ్లాక్‌లిస్టులో పెడతారు, ఇద్దరు ఇంజనీర్లను సస్పెండ్ చేస్తారు, కొత్త టెండరు పిలుస్తారు.

రోడ్డు వంతెనలకూ కట్టించిన శాఖతో సంబంధం లేని ఒక కమిషనర్ ఉండాలి. ఆయన సంతకం పడేదాకా విరిగిన ముక్క కదలకూడదు. రిపోర్టు తెలుగులోనూ అచ్చు కావాలి. టీకొట్టు దగ్గర చదివి వినిపించే పని నేను చూసుకుంటాను.