హెచ్చరిక అందుతోంది.. ఇల్లే సిద్ధంగా లేదు!

దివిసీమ నుంచి బుడమేరు దాకా నేర్వని పాఠం
మూడు రోజులు గడిపే సరంజామా ఎన్ని ఇళ్లలో ఉంది?

మచిలీపట్నం: తుపాను వస్తోందన్న సమాచారం కోస్తా ప్రజలకు ఇప్పుడు కొత్త కాదు. వాయుగుండం ఏర్పడిన నాటి నుంచే సెల్‌ఫోన్లకు సందేశాలు వస్తాయి. ఏ తీరం దాటుతుందో, ఎన్ని గంటలకు దాటుతుందో టీవీల్లో గంటగంటకూ చెబుతారు. పునరావాస కేంద్రాలు తెరుస్తారు, ప్రత్యేకాధికారులను నియమిస్తారు. యంత్రాంగం మేల్కొంటున్నదన్న మాట వాస్తవం. మేల్కోనిది ఇల్లు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనకు హెచ్చరిక లేదనలేం. అయితే అది గుడిసె గుమ్మం దాకా చేరలేదు. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. అధికారిక లెక్కల్లోనే సుమారు పది వేల మంది చనిపోయారు. పదమూడేళ్లకు, 1990 మే 9న, దాదాపు అంతే ఉగ్రమైన తుపాను కృష్ణా ముఖద్వారం సమీపంలోనే తీరం దాటింది. ఆనాటికి తుపాను షెల్టర్లు వెలిశాయి, లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యికి చేరువలో ఆగింది. అదీ తక్కువేమీ కాదు. కానీ సకాలంలో కదిలిస్తే ఎంత తేడా వస్తుందో ఆ రెండు అంకెలే చెబుతాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచౌంగ్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో దాటిన మొంథా.. రెండు సందర్భాల్లోనూ పైరు నేలకొరిగింది, ఆస్తి పోయింది. ప్రాణనష్టం మాత్రం పాత తుపానులతో పోల్చదగినది కాదు.

ఇంతవరకూ సంతోషమే. అయితే గాలి తగ్గిన తరువాత వచ్చే మూడు నాలుగు రోజుల సంగతేమిటన్నది వేరే ప్రశ్న. ఆ రోజుల్లో మనిషిని నిలబెట్టేది ప్రభుత్వం కాదు, ఇంట్లో ఉన్న సరుకూ సామగ్రీ.

చుట్టూ నీరే.. గొంతు తడిపే చుక్క లేదు

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుంభవృష్టికి బుడమేరు పొంగి విజయవాడలోకి వచ్చింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, కండ్రిక ప్రాంతాలు జలదిగ్బంధమయ్యాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి చరిత్రలోనే అత్యధికంగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బుడమేరుకు పడ్డ గండ్లను పూడ్చేందుకు సైన్యం సాయం తీసుకోవలసి వచ్చింది. నగరం నడిబొడ్డున డ్రోన్లతో, హెలికాప్టర్లతో అన్నం పొట్లాలు, పాలప్యాకెట్లు అందించిన దృశ్యాలను జనం ఇంకా మరచిపోలేదు.

ఆ రోజుల్లో మేడల మీద చిక్కుకున్నవారిలో ఎక్కువమంది తుపానులు ఎరుగని వారేమీ కాదు. వారి మూలాలు చాలావరకు డెల్టా పల్లెల్లోనే ఉన్నాయి. అయినా తెల్లవారేసరికి వారి చేతిలో ఏమీ లేదు. కరెంటు పోయింది కనుక మోటారు లేదు, మోటారు లేదు కనుక పైట్యాంకు ఎండిపోయింది. బియ్యం డబ్బా, గ్యాస్ బండ కింది అంతస్తులోనే నీటి పాలయ్యాయి. సెల్‌ఫోను ఛార్జింగు మొదటి రాత్రికే అయిపోయింది. సహాయ పడవ ఏ వీధికి వస్తుందో అడిగేందుకు మార్గం లేకపోయింది.

వెనుకటి ఇల్లు పేదది, కానీ ఇంత నిస్సహాయమైనది కాదు. అటక మీద ధాన్యం, ఉట్టి మీద పచ్చడి జాడీ, మూలన కుంపటి, గూట్లో లాంతరు ఉండేవి. అటుకులో, పేలాలో, మరమరాలో డబ్బాలో తప్పనిసరిగా ఉండేవి. ఇవేవీ విపత్తు నిర్వహణ పేరుతో దాచినవి కావు, అప్పటి బతుకే అలాంటిది. నేడు పాలు పొద్దున్నే, కూర సాయంత్రానికి, సరుకులు వారానికోసారి. అటక స్థానంలో ఫాల్స్ సీలింగు వచ్చింది. రేషను కిరసనాయిలు కనుమరుగై ఏళ్లవుతోంది. సౌకర్యం పెరిగిన కొద్దీ నిల్వ తగ్గింది. ఈ మార్పును తప్పుపట్టి ప్రయోజనం లేదు కానీ, దాని పర్యవసానాన్ని ఎవరూ లెక్కవేయకపోవడమే విచిత్రం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడే ఈ సంగతి ఒకసారి బయటపడింది. మహానగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు, పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. పాలు, మంచినీళ్లు రెట్టింపు ధరలకు అమ్మారు. అప్పట్లో చాలామంది చేతిలో కొంత నగదైనా ఉండేది. టీకొట్టులో సైతం ఫోనుతోనే చెల్లించే అలవాటు వచ్చాక, సెల్‌టవరు పడిపోతే పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కూడా కొనలేని పరిస్థితి. పది, ఇరవై, యాభై నోట్లు ఓ వెయ్యి రూపాయలు ప్లాస్టిక్ కవరులో వేసి ఉంచుకోవాలన్న సలహా అందుకే ఇప్పుడు వెనుకటి కంటే విలువైనది.

నీళ్ల లెక్క ముందు

ఇంట్లో దాచవలసిన వాటిలో మొదటిది మంచినీరు. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు అనుకున్నా, నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 48 లీటర్లు కావాలి. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, వాటితోపాటు ఒక బిందె. ఇందుకు ఖర్చు ఏమంత లేదు. కావలసిందల్లా తుపాను కబురు అందిన రోజే, కరెంటు ఉండగానే, మూత ఉన్న పాత్రలన్నీ నింపుకోవడం. వాటిని కింద కాక మేడమీదనో, ఎత్తైన అరుగు మీదనో పెట్టాలి. అంతకు మించి నీరు పట్టే చోటు లేని ఇళ్లకు క్లోరిన్ బిళ్లలే ఆధారం. పట్టీ మీద రాసిన మోతాదులో వేసి, అరగంట ఆగి తాగాలి. బురదనీరైతే పటికతోనో, వెనుకటి పద్ధతిలో ఇండుప గింజ అరగదీసో తేర్చి, గుడ్డతో వడగట్టిన తరువాతే బిళ్ల వేయాలి. తేటపడినంత మాత్రాన నీరు శుద్ధమైనట్లు కాదు. పొయ్యి వెలిగే వీలుంటే మరగబెట్టడమే ఉత్తమం. వరద మునకేసిన బోరు, బావి నీటిని క్లోరినేషను చేయించకుండా వాడితే అతిసారం తప్పదు. అది మొదలైతే లీటరు శుద్ధజలానికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన ద్రావణం ప్రాణాధారం. చెంచా చిన్నదే కావాలి, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు హాని.

నీటి తరువాత స్థానం మందులది. బీపీ, మధుమేహం లేని ఇల్లు అరుదైపోయింది. నెలాఖరుకు మాత్రలు కొనే అలవాటున్న ఇంట్లో తుపాను ఏ తేదీన వస్తుందో ఎవరు చెప్పగలరు? అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనైనా పదిహేను రోజుల మందులు అదనంగా ఉంచుకోవడం కనీస జాగ్రత్త. ఇన్సులిన్ వాడేవారు ఫ్రిజ్ ఆగిపోగానే దాన్ని పారేయనక్కర లేదు. తడిపిన ఇసుకలో కుదురుగా పెట్టిన మట్టికుండలో, మందు తడవకుండా డబ్బాలో ఉంచితే చల్లగా నిలుస్తుంది. ప్రసవ దినాలు దగ్గరపడిన వారిని, డయాలసిస్ రోగులను గాలి మొదలయ్యే ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చడం ఇంటివారి బాధ్యత. ఆశా కార్యకర్త వచ్చి చెప్పేదాకా ఆగడం మంచిది కాదు.

వెలుతురు కోసం కొవ్వొత్తులు కొనేవారే ఇప్పటికీ ఎక్కువ. గాలివానలో కొవ్వొత్తి వెలుతురు కంటే ప్రమాదమే ఎక్కువ. ఒక టార్చిలైటు, అదనపు బ్యాటరీలు, పవర్‌బ్యాంకు, బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఉంటే చాలు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషను కార్డు, బీమా పత్రాలు రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టాలి. బుడమేరు ముంపులో కింది అంతస్తు ఇళ్లకు 25 వేల రూపాయలు, పై అంతస్తులకు 10 వేలు సాయం ప్రకటించినప్పుడు తడిసిన కాగితాలతో ఎంతమంది క్యూలలో నిలబడవలసి వచ్చిందో విజయవాడ వాసులకు తెలుసు. మరో మాట.. మునిగిన మోటారుసైకిలును, కారును నీరు తీసిన వెంటనే స్టార్టు చేయరాదు. ఇంజన్లోకి నీరు చేరి పగిలితే ఆ నష్టానికి మామూలు బీమా సాధారణంగా వర్తించదు.

సామాను ఉంటే చాలదు

సంచీ సర్దడం ఒక ఎత్తు, చేతికి పని తెలియడం మరో ఎత్తు. గ్యాస్ రెగ్యులేటరు కట్టడం, కరెంటు మెయిన్ ఆపడం ఇంట్లో ఒక్కరికే తెలిసి, ఆ ఒక్కరూ ఊళ్లో లేకపోతే? పిల్లలకు ఫోను నంబరు కంఠతా వచ్చా? ఇవి చిన్న విషయాలుగానే కనిపిస్తాయి. తుపాను కన్ను ఊరి మీదుగా సాగినప్పుడు గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. వాన వెలిసిందని బయటికి వచ్చిన వారిపై కొద్దిసేపటికే ఎదురు దిక్కు నుంచి అంతే వేగంతో విరుచుకుపడుతుంది. ఈ సంగతి తెలిసిన వృద్ధులు తీరగ్రామాల్లో తగ్గిపోతున్నారు. పారే నీరు మోకాటి లోతే కదా అని దిగినవారు కొట్టుకుపోయిన ఉదంతాలు ప్రతి వరదలోనూ ఉన్నాయి.

పాముకాటు సంగతి దివిసీమకు వేరే చెప్పనక్కర లేదు. 2018 ఖరీఫ్ కాలంలో అవనిగడ్డ ప్రాంతంలో వరుస పాముకాట్లు జనాన్ని భయకంపితుల్ని చేశాయి. ముంపు వచ్చినప్పుడు పాములూ మెరక వెతుక్కుంటాయి, ఆ మెరక ఇంటి అరుగే అవుతుంది. కాటు పైన తాడు బిగించడం, కోసి రక్తం పిండడం, నాటుమందు పూయడం ఇప్పటికీ మానలేదు. కాటు పడిన కాలును లేదా చేతిని కదలకుండా కట్టె ఆసరాగా కట్టి, నడిపించకుండా మోసుకుని, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే మార్గం. దారి మునిగిన రోజున ఏ ఆసుపత్రికి ఎలా వెళ్లాలో ముందే ఆలోచించుకున్న ఊరు ఎంత నయమో చెప్పనవసరం లేదు.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఆపద మిత్ర' పథకం కింద దేశంలో 350 జిల్లాల్లో లక్ష మంది వలంటీర్లకు శిక్షణ తలపెట్టింది. ఆలోచన మంచిదే. అయితే అందులో శిక్షణ పొందిన యువకుడు తమ ఊళ్లో ఎవరన్నది ఊరికే తెలియకపోతే ఫలితం ఏముంటుంది? వారి పేర్లు, తాడు, లైఫ్‌జాకెట్లు ఉన్న చోటు పంచాయతీ గోడపై రాయించడం పెద్ద ఖర్చు కాదు.

కొనలేని వారి మాటేమిటి?

ఈ సలహాలన్నీ విని తల ఊపే ముందు ఒక్క విషయం గుర్తించాలి. పవర్‌బ్యాంకు, పదిహేను రోజుల మందులు, మూడు రోజుల బియ్యం అదనంగా.. మధ్యతరగతికి ఇవి అలవాటు మార్చుకోవలసిన విషయాలు మాత్రమే. కౌలు రైతుకు, వేటకు వెళ్లే మత్స్యకారుడికి, కాలువగట్టు మీద రేకుల ఇంట్లో ఉండే కూలికి ఇవే భారం. వేట నిలిచిన రోజున పూట గడవడమే కష్టమైన ఇంటిని నిల్వ చేయమనడం అన్యాయం. ముంపు వచ్చిన తరువాత 25 కిలోల చొప్పున బియ్యం ఇవ్వడం ఆనవాయితీగా వస్తోంది. అందులో కొంత భాగాన్ని, క్లోరిన్ బిళ్లలతోనూ ఉప్పు పంచదార పొట్లాలతోనూ కలిపి, తుపాను కాలానికి ముందే తీరగ్రామాల రేషను కార్డుదారులకు ఇచ్చే వీలును పరిశీలించవచ్చు. మహిళా పొదుపు సంఘాలు ఉన్నాయి, చౌకడిపోలు ఉన్నాయి. కొత్త యంత్రాంగం అవసరం లేదు.

సముద్రంలో అల్పపీడనం ఉన్నదన్న వార్త వచ్చిన రోజున ఇంట్లో చేయవలసినవి మాత్రం ఎవరికైనా ఒకటే. పాత్రలు నింపడం, ఫోన్లు ఛార్జి చేయడం, కాగితాలు పైకి ఎక్కించడం, పశువుల తాళ్లు విప్పడం, జిల్లా కంట్రోల్ రూం నంబరు 1077, అత్యవసర నంబరు 112, అంబులెన్సు 108 తలుపు వెనుక పెద్ద అక్షరాలతో రాయడం. కట్టి ఉన్న పశువు ఉప్పెనలో నిలబడిన చోటే మునుగుతుంది. విప్పిన పశువు మెరకకు చేరుతుంది.